నీడ పడినంత మేర

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో ఒక చిన్న బస్తీ ఉంది. పేరు అడక్కండి. ఈ కథలోని షావుకారు గారి మనవలు ఇప్పటికీ అక్కడే కొట్లు పెట్టుకుని ఉన్నారు, వాళ్లతో తగువు నాకెందుకు? సామర్లకోటకు రైలు వచ్చిన మూడో ఏడు అది. ఆ బస్తీ బజారు వీధిలో, రోడ్డు వారన, ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దానికి తూర్పున రోడ్డు, పడమర షావుకారు వెంకటరత్నం గారి ధాన్యం గిడ్డంగి. మిట్టమధ్యాహ్నం దాని నీడలో ముప్ఫై నలభై మంది కూర్చున్నా ఇంకా జాగా మిగిలేది.

ఆ కూర్చునేవాళ్లంతా ఊరి చివర పేట వాళ్లు. సగం మంది బాప్తిస్మం తీసుకున్నవాళ్లు, సగం మంది తీసుకోనివాళ్లు. బజారు వీధికి మాత్రం అందరూ ఒకటే. కొట్ల అరుగుల మీద వాళ్లు కాలు పెట్టకూడదు. ఉప్పు కావాలన్నా, కిరసనాయిలు కావాలన్నా రోడ్డు మీద నిలబడి కేకెయ్యాలి. కొట్టువాడికి వినబుద్ధి అయినప్పుడు వింటాడు. కూలికి పిలిచే ఆసాములు వచ్చేదాకా ఆడవాళ్లు వేచి ఉండాలన్నా, అల్లిన చాపలూ బుట్టలూ పెట్టుకుని అమ్ముకోవాలన్నా, ఆ వీధి మొత్తం మీద వాళ్లను పొమ్మనని చోటు ఆ చెట్టు కింద ఒక్కటే. చెట్టు పోతే ఆ చోటూ పోతుంది. ఇది పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు.

అందరికంటే బాగా సూరమ్మకు తెలుసు. యాభై దాటిన మనిషి. తాటాకు బుట్టలు అల్లి ఆ చెట్టు మొదట్లోనే అమ్ముకునేది. ఆమె మొగుడు లాజరు కాలవ మీద లస్కరుగా చేసి చనిపోయాడు. లస్కరు పని గట్లు కాయడం, నీటి తలుపులు ఎత్తి దించడం. గట్టు మీది చెట్ల వేళ్లు నీటి వైపు పాకి గట్టుకు బెజ్జాలు పెడుతుంటే వాటిని కోయడం కూడా ఆ పనిలోదే. చెట్టును కొట్టేస్తే గట్టు నిలవదు, వేరును వదిలేస్తే గట్టు తెగుతుంది. ఏ వేరు కోయాలో, ఏది ముట్టకూడదో తెలియాలి. ఇరవయ్యేళ్లు మొగుడి పక్కనే గునపం పట్టిన సూరమ్మకు ఆ పని తనకంటే బాగా వచ్చునని లాజరే ఒప్పుకునేవాడు, కల్లు తాగిన రోజున మాత్రం.

రెండేళ్ల కిందట వెంకటరత్నం గారు గిడ్డంగి అరుగును రోడ్డు మీదకు ఆరడుగులు పెంచి కట్టించారు. అదివరకు ఆ జాగాలో సూరమ్మ స్నేహితురాలు మరిడమ్మ ఎండుచేపల తట్ట పెట్టుకుని కూర్చునేది. ఇటుకలూ సున్నమూ వచ్చి పడేసరికి తట్ట నెత్తిన పెట్టుకుని లేచిపోయింది. మనిషైతే లేచిపోతుంది, వేరు ఎక్కడికి పోతుంది? అరుగు కింద దారి లేక మలుపు తిరిగిన వేళ్లు లావెక్కి, పక్కనున్న మురుగు కాలవను పైకెత్తాయి, గిడ్డంగి గోడకు జానెడు బీట తీశాయి. "చెట్టు నా గోడను కూల్చేస్తోంది, కొట్టించండి" అని షావుకారు గారు అర్జీ పెట్టుకున్నారు. అరుగు సంగతి అర్జీలో రాయలేదు లెండి.

జ్యేష్ఠం చివర, తొలకరి పడ్డ మూడో రోజున, కంట్రాక్టరు బంగార్రాజు నలుగురు గొడ్డళ్లవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. రోడ్ల ఓవర్సీరు మల్లేశ్వరరావు గారు బండి దిగి, గొడుగు విప్పి, ఆ తరవాత కాగితం విప్పారు. వాళ్లు వచ్చేసరికే సూరమ్మ చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. చేతిలో బుట్ట అల్లుతూనే ఉంది.

"లేవే, చెట్టు కొట్టాలి," అన్నాడు బంగార్రాజు.

సూరమ్మ అతని వంక చూడనైనా చూడలేదు. ఓవర్సీరు గారితో అంది. "తప్పు చేసింది రెండు వేళ్లండి. చెట్టంతా ఎందుకండి కొట్టడం? ఆ రెండూ నేను కోసిపెడతాను."

"వేళ్లు కోస్తే చెట్టు నిలవదు," అన్నారు మల్లేశ్వరరావు గారు. ఆయన మంచీ చెడ్డా కాని మనిషి, కాగితంలో ఉన్నది జరిగితే చాలునని అనుకునే రకం. "నిరుడు సత్రం దగ్గర చెట్టుకు ఇదే బంగార్రాజు వేళ్లు కోశాడు. మొదటి గాలికే బోర్లా పడింది."

"పడక ఏమవుద్దండి? ఆయన కొబ్బరిచెట్టుకి కోసినట్టు కోశాడు."

అదీ అసలు సంగతి. ఆ సీమలో చెట్టంటే కొబ్బరిచెట్టే. దాని చుట్టూ పాదు తవ్వి, ముసలి వేళ్లు కోసేసి, ఎరువు వేసి పూడ్చడం ప్రతి రైతుకూ చేతనైన పని. బంగార్రాజు కూడా తోటలు చేసుకునే కుటుంబంలో పుట్టినవాడే, సత్రం చెట్టుకు అదే వైద్యం చేశాడు.

"కొబ్బరికి వెయ్యి వేళ్లుంటాయండి, అన్నీ చిటికెనవేలంత," అంది సూరమ్మ. "చుట్టూ కోసినా దానికి ఏమీ కాదు. దీనికి అయిదో ఆరో ఉంటాయి, ఒక్కోటి నా తొడంత. అన్నీ కోసేస్తే ఇంక దేన్ని పట్టుకుని నిలబడుద్దండి?"

గొడ్డళ్లవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. బంగార్రాజు మొహం మాడిపోయింది. ఓవర్సీరు గారు గొడుగు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకున్నారు. సత్రం చెట్టు పడిన చోట గొయ్యి ఆయన కళ్లారా చూసినదే.

"నువ్వయితే ఏం చేస్తావు?"

"పడమటి వైపు రెండే కోస్తానండి, అది కూడా మొదలుకి ఎనిమిదడుగుల అవతల. తూర్పు వైపు ముట్టను. మనకి గాలివాన వచ్చేది తూర్పు నుంచే కదండి, ఆ వైపు వేళ్లే చెట్టుని లాగి పట్టుకునేవి. ఇప్పుడే చినుకు పడింది. కార్తీకం గాలుల దాకా నాలుగైదు నెలలుంది, ఈలోపు కొత్త వేళ్లు పుట్టుకొస్తాయి."

"పడిపోతే?"

"పడితే నా మీదే పడుద్దండి. గాలివాన రోజున నేను ఇక్కడే కూర్చుంటాను, ఇదే చోట."

అరుగు మీంచి వెంకటరత్నం గారు పకపకా నవ్వారు. "బుట్టలల్లుకునేదాని మాట పట్టుకుని తమరు ఆర్డరు మారుస్తారా ఏంటండి?"

ఆ మాటే కొంప ముంచింది. తన ఆర్డరు సంగతి ఇంకొకరు చెప్పడం మల్లేశ్వరరావు గారికి గిట్టదు. అక్కడికక్కడే కాగితం బండి చక్రం మీద ఆనించి పెన్సిలుతో రాశారు. కార్తీకం వెళ్లేదాకా సూరమ్మ తప్ప ఆ చెట్టును ఎవరూ ముట్టుకోకూడదని రాసి, సంతకం చేసి, ఆమెకే ఇచ్చారు. సూరమ్మకు చదువు రాదు. అయినా దాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

మర్నాడు పని మొదలైంది. పేట ఆడవాళ్లు మట్టి మోశారు. పైపైన గునపం వేసినా, వేరు దగ్గరకు వచ్చాక సూరమ్మ ఎవరినీ గునపం ముట్టనివ్వలేదు, చేతులతోనే మట్టి తీసింది. రెండు వేళ్లూ బయటపడ్డాక నీళ్లు పోసి కడిగి, ఎక్కడ కోయాలో బొగ్గుతో గీత గీసింది. గొడ్డలి కాదు, రంపం. గొడ్డలి దెబ్బకు వేరు చిట్లుతుంది, చిట్లిన చోట కుళ్లు పడుతుంది, కుళ్లు మెల్లిగా మానులోకి పాకుతుంది. రంపంతో కోసి, కోసిన అంచును కొడవలితో నున్నగా చెక్కింది. ఆ కొసకూ మురుగు కాలవకూ మధ్య పెంకులు నిలువుగా పాతింది, కొత్త వేరు మళ్లీ అటు దారి పట్టకుండా. పశువుల ఎరువు కలిపిన మట్టితో తవ్విన గాడి పూడ్చింది. నాలుగు రోజులు పట్టింది. కాలవ మళ్లీ కిందకు దిగి కూర్చుంది, గోడ బీట పెరగడం ఆగింది.

ఆషాఢమంతా ఆకు పసుపుపచ్చగా రాలింది. వెంకటరత్నం గారు పొద్దున్నే అరుగు మీదకు వచ్చి, రాలిన ఆకు చూసుకుని, పంచదార తిన్నట్టు మొహం పెట్టేవారు. శ్రావణంలో కొత్త చిగురు వచ్చింది. భాద్రపదంలో ఒకనాడు సూరమ్మ గాడి మట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తే, దారాల్లాంటి తెల్లటి వేళ్లు చేతికి తగిలాయి. ఆమె ఎంత సంతోషపడిందంటే, ఆ పూట అమ్మిన బుట్టకు కొసరుగా ఇంకో బుట్ట ఇచ్చేసింది.

చిగురు చూసినప్పటి నుంచీ షావుకారు గారికి నిద్ర పట్టలేదు. వారం మొత్తం మీద ఆ చెట్టు కింద మనిషి లేని పూట ఒక్కటే ఉంది. ఆదివారం పొద్దున్న బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ప్రార్థనకు పోతారు, తీసుకోనివాళ్లు పక్క ఊరి సంతకు పోతారు. ఆ పూట చూసుకుని బంగార్రాజు మనుషులు వచ్చారు. గొడ్డలి పట్టినవాడికి ఒక్క లెక్కే తెలుసు, ఏ వైపు నరికితే చెట్టు ఆ వైపు పడుతుందని. గిడ్డంగికి దెబ్బ తగలకుండా రోడ్డు మీద పడాలని తూర్పు వైపు తవ్వి వేళ్లు నరికారు. రోడ్డు మీద పోయేవాడి నెత్తిన పడితే ఎలాగని వాళ్లకు తోచలేదు. తోచినా, పోయేవాడు షావుకారు కాడు కదా.

ప్రార్థన నుంచి తిరిగి వచ్చిన సూరమ్మకు దూరం నుంచే ఎర్రగా తిరగబడ్డ మట్టి కనిపించింది. పరుగున వచ్చి మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో తోడింది. సన్నవి చాలా తెగాయి. ఆ వైపు పెద్దవి ఉన్నవే రెండు. ఒకటి లోతుగా ఉండి బంగార్రాజుకు అందలేదు. రెండోది సగానికి పైగా తెగి, పీచుపీచుగా చీలి ఉంది. ఆమె ఆ గొయ్యిలోనే కూర్చుని ఏడ్చింది. బజారంతా చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ, సిగ్గుపడకుండా ఏడ్చింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని లేచి అరుగు దగ్గరకు నడిచింది.

"షావుకారు గారండీ! ఎటు పడాలని కోయించారండి?"

"ఏంటే నీ కూతలు? నేనేం కోయించాను?" అన్నారు వెంకటరత్నం గారు.

పక్కనే ఉన్న బంగార్రాజు నోరు ఊరుకోలేదు. "ఎటు నరికితే అటే పడుద్ది. ఆ మాత్రం మాకు తెలీదా?"

"మాను నరికితే అటే పడుద్దండి. వేరు నరికితే రెండో వైపు పడుద్ది," అంది సూరమ్మ. "పడవ స్తంభానికి తూర్పు మోకు కోసేసి చూడండి, స్తంభం ఎటు పడుద్దో! లాగి పట్టుకున్నదాన్నే కోశారు మీరు. ఇంక తూర్పుగాలి వచ్చిందంటే సరాసరి మీ గిడ్డంగి మీదకేనండి. చక్కగా కోయించుకున్నారు, ఆయ్."

వెంకటరత్నం గారు చెట్టు వంక చూశారు. గిడ్డంగి పెంకుల వంక చూశారు. మళ్లీ చెట్టు వంక చూశారు. లోపల ఆ ఏటి ధాన్యం నిండుగా ఉంది.

"అయితే రేపే కొట్టించేస్తాను!"

"ఎలా కొట్టిస్తారండి? నా దగ్గర కాగితం ఉంది." రొంటిన ఉన్న మడత మీద చెయ్యి వేసింది. "ఈ గొయ్యి వచ్చి చూసుకోమని ఓవర్సీరు గారికి కబురు కూడా పంపుతున్నాను. చెట్టు మీ మీద పడకూడదంటే నేను చెప్పినట్టు వినండి. పొడుగాటి నిచ్చెన ఇవ్వండి. మోకులు ఇవ్వండి. మా వాళ్లు మీ గిడ్డంగి పైకప్పు ఎక్కాలి."

షావుకారు గారు విసవిసా లోపలికి వెళ్లారు. కాసేపటికి లోపల్నుంచి నిచ్చెన వచ్చింది.

సూరమ్మ ముందు రంపం పట్టుకుని గొయ్యిలోకి దిగింది. సగం తెగిన ఆ పెద్ద వేరు మీద పెట్టి కోయడం మొదలెట్టింది. అప్పుడే సంత నుంచి వచ్చిన మరిడమ్మ గుండెలు బాదుకుంది.

"నీకేమైనా మతి పోయిందా అక్కా? వాళ్లు మిగిల్చింది నువ్వు కోసేస్తన్నావేంటి?"

"చిట్లిన వేరు బతకదే. కుళ్లి చెట్టుని తీసుకుపోద్ది. శుభ్రంగా కోస్తే చిగురేస్తాది." సూరమ్మ రంపం ఆపలేదు. తను కాపాడాలనుకున్న వేరును తన చేత్తోనే పూర్తిగా తెంపడం ఆమెకు కడుపుకోతగానే ఉంది. ఆ కోత మంట అంతా షావుకారు మీద పెట్టి కోసింది.

ఇక కొమ్మలు. వేరు తగ్గినంత తలా తగ్గించాలి, అందులోనూ గిడ్డంగి వైపు బరువు బాగా తీసేయాలి. పేట మగవాళ్లు నిచ్చెన అరుగు మీద వేయబోతే వెంకటరత్నం గారు పరుగెత్తుకొచ్చారు. "అరుగు మీద వద్దు! రోడ్డు మీద వెయ్యండి, రోడ్డు మీద!" అన్నారు. పైకప్పు తొక్కవచ్చు గానీ అరుగు తొక్కకూడదట. కొమ్మలు ఒక్కొక్కటీ మోకు కట్టి దించుతుంటే, మరిడమ్మ మాత్రం ఆ అరుగు వంకే చూస్తూ నిలబడింది.

రెండు రోజుల్లో చెట్టు సగమైంది. ఓవర్సీరు గారు వచ్చి, గొయ్యి చూసి, తన కాగితాన్ని లక్ష్యపెట్టనిది ఎవరని అడిగారు. కొట్లవాళ్లంతా ఎవరి తక్కెడ వాళ్లు సర్దుకున్నారు. ఆయన బంగార్రాజు గొడ్డలి వంకా, షావుకారు గారి వంకా చాలాసేపు చూసి వెళ్లిపోయారు. ఆ తరవాతి ఆదివారం నుంచి పేటలో ప్రార్థన జరిపించే ఉపదేశి ఏసుపాదం గారు ఆరాధన చెట్టు కిందకే తెచ్చారు. షావుకారు గారి గుమ్మానికి ఎదురుగా పేటంతా నిలబడి, గొంతు చించుకుని కీర్తనలు పాడింది. బాప్తిస్మం తీసుకోని మరిడమ్మ అందరికంటే గట్టిగా పాడేది, మాటలు రాకపోయినా.

కార్తీకం రెండో వారంలో గాలివాన వచ్చింది. తెల్లవారుతూనే ఆకాశం నల్లబడి, తూర్పున సముద్రం మీంచి గాలి మొదలైంది. బజారు తలుపులన్నీ మూతపడ్డాయి. సూరమ్మ తాటాకు గిడుగు కప్పుకుని వచ్చి చెట్టు మొదట్లో, చెప్పిన చోటే కూర్చుంది.

మరిడమ్మ తడిసి ముద్దై వచ్చింది. "పంతానికి ప్రాణం తీసుకుంటావా? లే, ఇంటికి పోదాం."

"నేను పోతే, పడుద్దని తెలిసే పోయిందంటారే. నువ్వు పో."

మరిడమ్మ పోలేదు. తిట్టుకుంటూ పక్కన చతికిలబడింది.

మధ్యాహ్నానికి గాలి మనుషులను కూడా నెట్టేసేంత అయింది. గిడ్డంగి పెంకులు లేచి రోడ్డు మీద పగులుతున్నాయి. చెట్టు మూలిగింది. సూరమ్మ అరచెయ్యి నేలకు ఆనించి ఉంచింది. ఒక్కో విసురుకు కాళ్ల కింద నేల రెండంగుళాల మందాన లేస్తోంది, మళ్లీ దిగుతోంది. ఆమెకు భయం వేసింది. ధైర్యంగా ఉందని అబద్ధం చెప్పను, పళ్లు కొరుక్కుంటూ, లాజరునూ యేసయ్యనూ కలిపి పిలిచింది. లేచిన ప్రతిసారీ నేల దిగుతుందా లేదా అన్నదొక్కటే ఆమె చూస్తోంది. దిగుతూనే ఉంది. అందని ఆ లోతు వేరు పట్టుకుని ఉంది, తేలికైన తల గాలిని వదిలేస్తోంది. సాయంత్రానికి గాలి దక్షిణానికి తిరిగి, నీరసించి, ఆగిపోయింది. చెట్టు ఒక జానెడు ఒరిగి, నిలబడి ఉంది.

రోడ్లు తేరుకున్న మూడో రోజున మల్లేశ్వరరావు గారు కొలత గొలుసుతో, నలుగురు కూలీలతో వచ్చారు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగారు. వెంకటరత్నం గారు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"నీ మాట నిలబెట్టుకున్నావు. ఏం కావాలో అడుగు," అన్నారు ఓవర్సీరు గారు సూరమ్మతో.

"దీని నీడ పడినంత మేర రాయి వేయకూడదండి, ఇటుక పేర్చకూడదు. నీడ ఉన్నంత దూరం వేరుంటాది. ఆ మేర వదిలేస్తే ఇది ఇంక ఎవరి గోడ జోలికీ రాదు."

"న్యాయమే. మేకులు కొట్టి హద్దు పెట్టిస్తాను. కానీ కొమ్మలు సగం తీసేశావు కదా, పాత నీడ ఎంతవరకు పడేదో ఎలా తెలుస్తుంది?"

"అది మాకు తెలుసండి," అంది సూరమ్మ. వెనక్కి తిరిగి ఆడవాళ్లను కేకేసింది. "ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండర్రా, మిట్టమధ్యాహ్నం కూర్చున్నట్టు!"

ఎర్రటి ఎండలో, నీడ లేని చోట, ఒక్కొక్కరే వచ్చి తమతమ చోట్లలో కూర్చున్నారు. ఏళ్ల తరబడి కూర్చున్న చోట్లు, ఎవరూ వెతుక్కోలేదు. నీడ అంచు వాళ్లతోనే గుండ్రంగా గీసినట్టు అయింది. కూలీలు ఒక్కో మనిషి వెనకా ఒక్కో మేకు కొట్టుకుంటూ వచ్చారు. పడమటి వైపు మాత్రం ఒక ఖాళీ మిగిలింది.

"ఇక్కడెవరూ లేరేం?" అన్నారు ఓవర్సీరు గారు.

మరిడమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె సూరమ్మ వంక చూసింది. సూరమ్మ తల ఊపింది. మరిడమ్మ మురుగు కాలవ దాటి, మెట్టెక్కి, షావుకారు గారి అరుగు మీదకు నడిచి, నట్టనడుమ బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఎండుచేపల తట్ట పక్కన పెట్టుకుంది.

వెంకటరత్నం గారు కుర్చీ తన్నేసి లేచారు. "లేవే! ఎంత పొగరే నీకు, లే!"

"రెండేళ్ల కిందట లేచానండి," అంది మరిడమ్మ. "మళ్లీ లేవను."

మల్లేశ్వరరావు గారు గొలుసు వేయించి చెట్టు మొదటి నుంచి కొలిపించారు. తక్కిన మేకుల దూరం ఎంతో, మరిడమ్మ కూర్చున్న చోటూ అంతే దూరం. సంచీలోంచి పాత ప్లాను తీసి, మడతలు విప్పి చూశారు.

"రోడ్డు హద్దు మీ గోడ దాకా ఉందండి, షావుకారు గారూ. ఈ అరుగు రోడ్డు మీద కట్టుకున్నారు." ఆయన గొంతులో తన పెన్సిలు సంతకాన్ని ఆదివారం పూట గొడ్డలితో నరికించినవాడి మీద కోపం ఇంకా అలాగే ఉంది. కూలీ వైపు తిరిగి అన్నారు. "మేకు అక్కడే కొట్టు."

కూలీ అరుగు మీద ఒక దెబ్బ వేసి చూశాడు. మేకు వంగింది. "గచ్చండి ఇది. దిగదండి."

సూరమ్మ చెట్టుకు ఆనించి ఉన్న లాజరు గునపం తీసుకుంది. కాలవ దాటి, మెట్టెక్కి, అరుగు మీద నిలబడింది.

"కాస్త జరగవే మరిడీ," అని, రెండు చేతులతో పైకెత్తి వేసింది.